సర్వేవాళ్ల రంగు డబ్బా

సోమవారం నువ్వు డ్యూటీలో చేరతావు కాబట్టి ఈ నాలుగు మాటలు రాసుకో హర్షితా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో బాగుచేయకు. నీతోపాటు ట్రైనింగు అయిన పిల్లలకు పనికొస్తుందనుకుంటే చూపించు, లేకపోతే నీ దగ్గరే పెట్టుకో.

ముప్పైనాలుగేళ్లు పావగడ తాలూకాలో సిస్టరుగా పనిచేశాను. సూది వేయడం, కాన్పు చూడడం, మాత్రలు పంచడం నీకు నాకంటే బాగానే నేర్పించి ఉంటారు. ప్రమోషన్లు, బదిలీలు, రిజిస్టర్ల గురించి నేను చెప్పను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి. మన ఉద్యోగంలో సగం పొద్దు గడిచేది మనల్ని నమ్మనివాళ్ల గడప ముందు. వాళ్లు మనల్ని ఎందుకు నమ్మరు, నమ్మకూడని దాన్ని ఎందుకంత గట్టిగా నమ్ముతారు అన్నది ఎవరూ నేర్పించరు. నేను దాన్ని ఒకే ఊళ్లో, ఒకే ఇంటి ముందు నేర్చుకున్నాను. నేర్చుకునేసరికి ఆ ఇంటి పాప కాళ్లు వంకరపోయాయి.

ఆ ఊరి పేరు రాయొద్దు. మా సబ్‌సెంటర్ కింద ఐదు ఊళ్లుండేవి, అందులో ఒకటి అని రాయి చాలు. సోలారు ప్లేట్లు ఇంకా రాలేదు, వస్తాయని మాట మాత్రం వచ్చింది. భూములు గుత్తకు అడుగుతున్నారు, సర్వేవాళ్లు తిరుగుతున్నారు. అప్పటి మాట ఇది.

విమానం

ఆ ఏడు కూడా శెనక్కాయ చేతికి రాలేదు. ఎన్నో ఏడో లెక్క పెట్టుకోవడం జనం మానేశారు. నేను అంగనవాడి దగ్గర పిల్లల్ని తూకం వేస్తున్నాను. మధ్యాహ్నం దాటాక తూర్పున మబ్బు పట్టింది. బాగా నల్లగా పట్టింది, ఆడవాళ్లు ఆరేసిన బట్టలు, కట్టెలు లోపలికి లాక్కున్నారు. అంతలో ఎక్కడో పైన విమానం మోత వినిపించింది. కాసేపటికి గాలి లేచి మబ్బు చెదిరిపోయింది. ఒక్క చుక్క పడలేదు.

అంగనవాడి ఎదురుగా అరుగు మీద హనుమంతరాయప్ప కూర్చున్నాడు. రిటైరైన బస్సు కండక్టరు. ఊళ్లో రోజూ పేపరు చదివేది ఆయనొక్కడే.

"జూసినారు గదా," అన్నాడు అందరితో. "వచ్చినాది, పొడి చల్లినాది, పోయినాది. మోడాలు ఇరిగిపాయ."

"ఎవరు చల్లినారు అన్నా?" అన్నాను నేను.

"ఎవురేందమ్మా. నువ్వు సదువుకొన్నదానివి, నువ్వే చెప్పు. వాన పడితే ప్లేట్లకు లాభమా నష్టమా?"

"నష్టమే."

"అంత పెట్టుబడి పెట్టేవోళ్లు నష్టమొస్తా ఉంటే ఊరికే కూర్చుంటారా?"

నాకు నవ్వొచ్చింది. నిజంగానే పడీపడీ నవ్వాను. పక్కన తిమ్మక్క తన మనవరాలిని తూకం నుంచి దించుకుంటోంది. తిమ్మక్కకు మూడెకరాల చేను. కూతురూ అల్లుడూ బెంగుళూరులో గార్మెంట్సులో పనిచేసేవాళ్లు. పాప పవిత్రను ఈమె దగ్గర వదిలారు. అప్పుడు దానికి నాలుగేళ్లు. తిమ్మక్క నావైపు తిరిగి, కోపమేమీ లేకుండా అన్నది:

"నవ్వొద్దు సిస్టరమ్మా. వాన రాకున్నా నీకు నెల జీతం వస్తాది. మాకు మోడం పోతే ఏడాది పోతాది. నవ్వేది నీకు సులువుగా ఉంటాది."

ఆ మాట ఆ రోజు నాకు తగల్లేదు. బస్సులో ఇంటికి వచ్చి మీ తాతతో చెప్పి ఇద్దరం మళ్లీ నవ్వుకున్నాం. నా మొదటి తప్పు అదే. విమానం సంగతిలో నాదే రైటు, ఇప్పటికీ నాదే రైటు. కానీ ఆ నవ్వుతో వాళ్లకు ఒక సంగతి ఖాయమైపోయింది. మబ్బు పోతే ఏడ్చేవాళ్లు ఒకవైపు, నవ్వేవాళ్లు ఒకవైపు. నేను ఏ వైపో వాళ్లు చూసుకున్నారు.

తియ్యటి నీళ్లు

మన తాలూకా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని నీకు తెలుసు. పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. ఆ నీళ్లతో ఒక చిక్కుంది, అది పుస్తకంలో రాయరు. అవి తాగడానికి బాగుంటాయి. ఆ ఊళ్లో రెండు బోరింగులు. బడి దగ్గరిది ఉప్పుగా ఉంటుంది, పప్పు పొద్దంతా ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. తిమ్మక్క వీధిలోది తియ్యగా ఉంటుంది, కందిపప్పు ఒక్క ఉడుకుకే వెన్నలా అవుతుంది. పరీక్ష చేస్తే చెడ్డవి ఈ తియ్యటి నీళ్లే.

పరీక్ష ఎలా చేస్తారంటే, చిన్న సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తాం. గులాబీ రంగు నిలిస్తే మంచివి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువ. తిమ్మక్క వీధి నీళ్లు వేసిన వెంటనే పసుపుపచ్చగా తిరిగాయి. చెడ్డ బోరింగుకు ఎర్ర రంగు పూయాలని ఆర్డరు.

తిమ్మక్క సీసా చేతిలోకి తీసుకుని చూసింది.

"గులాబీ అయితే మంచిది అంటివి. బోరింగుకు ఎరుపు పూస్తే చెడ్డది అంటాండావు. మీలో మీకే కుదరల్యా ఇంకా."

"అది వేరే, ఇది వేరే తిమ్మక్కా."

"ఆ బడికాడి నీళ్లు నోట్లో పోసుకొని చూడు ఒకసారి. పశువులు గూడా మూతి తిప్పుకుంటాయి. మా అమ్మ ఈ నీళ్లే తాగె, నేను ఈ నీళ్లే తాగితి. ఇప్పుడు సోలారు వచ్చేటప్పుడే ఇవి ఇషమాయనా?"

చూడు, ఎంత మంచి ప్రశ్నో. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు, ఇప్పుడే ఎందుకు చెప్తున్నారు? దానికి నిజమైన జవాబు, ఇన్నేళ్లు మాకు పరీక్ష పెట్టె ఇవ్వలేదు, ఇప్పుడు ఇచ్చారు. అంతే. కానీ ఆ జవాబు చెప్తే డిపార్టుమెంటు పరువు పోతుందని నాకు అనిపించింది. "పెద్దవాళ్లు ఆర్డరు వేసినారు, మేం చేస్తాండాం," అన్నాను. పెద్దవాళ్లు ఎవరు, ఏ ఆర్డరు అన్నది ఆమె ఊహకు వదిలేశాను. ఖాళీగా వదిలిన చోట జనం ఏదో ఒకటి నింపుకుంటారు. నింపుకోవడానికి వాళ్ల దగ్గర ఏముందో అదే నింపుతారు.

డబ్బా

ఇది నేను ఇంతవరకు ఎవరికీ వివరంగా చెప్పలేదు, సరిగ్గా రాసుకో.

పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారు, ఆలోపల బోరింగుకు రంగు పడాలి. పంచాయతీలో రంగు లేదు. బిల్లు పెట్టాలి, సంతకం కావాలి, పది రోజులు పడుతుంది. ఊళ్లో నీళ్లు వదిలే నీరుగంటి ఓబుళేసు నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, బళ్లో సర్వేవోళ్లు సామాన్లు పెట్టిండారు. రాళ్లకు పూసే రంగు సగం డబ్బా మిగిలినాది. అడిగితే ఇస్తారు."

"అడిగి తెచ్చెయ్," అన్నాను.

ఆలోచించనే లేదు. పని అయిపోతుందని సంతోషపడ్డాను కూడా. ఓబుళేసు పట్టపగలు, ఊరి మధ్యలోంచి ఆ డబ్బా మోసుకొచ్చి తిమ్మక్క వీధి బోరింగుకు బాగా దట్టంగా పూశాడు.

అదే వారం సర్వేవాళ్లు చేలగట్ల మీద రాళ్లకు గుర్తులు పెట్టుకుంటూ పోయారు. అదే ఎరుపు. ఒకటే రంగు కదా, వేరేగా ఎలా ఉంటుంది? పొద్దున్నే చేనికి పోయేవాళ్లు గట్టు మీద ఎర్ర రాయి చూస్తారు, సాయంత్రం నీళ్లకు వచ్చి ఎర్ర బోరింగు చూస్తారు. ఇంక ఎవరైనా కథ కట్టాలా? దానంతట అదే కట్టుకుంది. నీళ్లు చెడ్డవని చెప్తే ఊరు ఖాళీ చేస్తారు, ఊరు ఖాళీ అయితే భూమి అడిగిన రేటుకు ఇచ్చేస్తారు, సిస్టరమ్మ ముందుగా వచ్చి గుర్తు పెట్టి పోయింది. ఇదీ ఊరి మాట. విమానం మాట లాంటిది కాదు ఇది, ఇందులో కళ్లతో చూసిన రుజువుంది. ఆ రుజువు చేతికిచ్చింది నేను.

అబద్ధం

మా హెల్త్ ఇన్‌స్పెక్టరు సారు మీటింగు పెట్టాడు, బడి ముందర. మంచి మనిషే ఆయన. లంచం ముట్టలేదు, ఎండల్లో నడిచి తిరిగేవాడు. నీళ్ల గురించి గంటసేపు చెప్పాడు. అయిపోయాక హనుమంతరాయప్ప లేచాడు.

"అంతా బాగుండాది సార్. ఒక్క మాట అడుగుతా. ఆ రంగు యాడిది?"

సారు నావైపు చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు, హెచ్చరిక ఉంది. ముందు రోజే నేను డబ్బా సంగతి చెప్పి ఉన్నాను. "ఒక్క తప్పు ఒప్పుకుంటే పది తప్పులు అడుగుతారమ్మా, నోరు జారొద్దు," అని చెప్పి ఉన్నాడు.

"పంచాయతీ వాళ్లు కొన్నది," అన్నాను.

ఓబుళేసు నేల చూస్తున్నాడు. హనుమంతరాయప్ప తలాడించి కూర్చున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

మరుసటి రోజు తిమ్మక్క పాపను చంకనేసుకుని సబ్‌సెంటరుకు నడిచి వచ్చింది. ఏం కావాలని అడిగాను. ఏమీ వద్దంది. బల్ల మీద కూర్చుంది.

"ఓబుళేసు డబ్బా తెచ్చేది నేను జూస్తి సిస్టరమ్మా. బళ్లోనుంచి తెచ్చె. నిన్న అందరి ముందర అడగదామనుకొంటి. నీకు తలవంపు అయితాదని నోరు మూసుకొంటి."

నేను ఏం చేశానో తెలుసా? ఆమె నా పరువు కాపాడింది, నేను ఆమె మీద ఎగిరాను. "నీకేం తెలుసు, ఊరికే పుకార్లు లేపకు, పోలీసులకు చెప్తాను," అన్నాను. ఆ మాట కూడా అన్నాను, రాయి.

ఆమె లేచింది. "రంగు యాడిదంటే ఎవురికి ఏం పోతాది? అంత చిన్నదానికే అబద్ధం చెప్తివి. నీళ్ల మాట పెద్దది గదా. దానికి నిజం చెప్తాండావని నేను ఎట్ల అనుకునేది?"

ఆ వారంలోనే కొడవలితో బోరింగు మీది రంగంతా గీకేసింది. నేను పోయి చూశాను. ఒక్క మచ్చ లేకుండా గీకింది.

జనం తెలివి తక్కువ వల్ల ఇలాంటివి నమ్ముతారని నీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. నేను చూసింది అది కాదు. మందబుద్ధి వాళ్లు ఏదీ పట్టించుకోరు, ఎర్ర బోరింగు దగ్గర అలవాటుగా నీళ్లు పట్టుకుని పోతారు. తిమ్మక్క లాంటివాళ్లే చూస్తారు, రంగుకు రంగు పోల్చుకుంటారు, మాటకు మాట కలిపి చూస్తారు. ఒకసారి మోసపోయినవాళ్లు ఇంకా ఎక్కువ చూస్తారు. తిమ్మక్కకు ఒక ఏడు వ్యవసాయ ఆఫీసులో ఇచ్చిన శెనక్కాయ విత్తనం మొలవలేదు. నీ భూమి బాగాలేదు అన్నారు. తర్వాత అవే మూటలు చప్పుడు లేకుండా వెనక్కి తీసుకుపోయారు. అది కథ కాదు, నిజంగా దాచారు. అలా ఒకసారి నిజంగా దాచినవాళ్లు ఈసారి దాచడం లేదని ఆమె ఏ ధైర్యంతో నమ్మాలి?

మా కథ

ఇప్పుడు మా డిపార్టుమెంటు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఊరివాళ్లనే అన్నట్టు అవుతుంది.

మేం నమ్మించలేకపోతున్నాం. అది మా చేతకానితనం అని ఎవరు ఒప్పుకుంటారు? ఒకరోజు ఇన్‌స్పెక్టరు సారు అన్నాడు, "ఆ హనుమంతరాయప్ప వెనక ఎవరో ఉన్నారమ్మా. ట్యాంకరు నీళ్లు అమ్మేవాళ్లు ఆడిస్తున్నారు." వినగానే నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. హనుమంతరాయప్ప ట్యాంకరు ఓనరు మోటారు సైకిలు వెనక కూర్చుని పోవడం నేను చూశాను. కొత్త ఫోను చూశాను. ఆయన ఏం చేసినా మాకు రుజువే. మాట్లాడితే ఎవరో మాట్లాడిస్తున్నారు, మాట్లాడకపోతే గుట్టుగా ఉన్నాడు. రెండేళ్లు నమ్మాను నేను. ట్యాంకరువాడికి లాభం కావాలంటే బోరింగు నీళ్లు చెడ్డవని చెప్పాలి కానీ మంచివని ఎందుకు చెప్పిస్తాడు? ఆ చిన్న లెక్క కూడా నాకు తట్టలేదు. చదువుకున్నదాన్ని.

ఒకరోజు హనుమంతరాయప్ప కంట్లో నలుసు పడిందని సబ్‌సెంటరుకు వచ్చాడు. ఆ ట్యాంకరు ఓనరే తీసుకొచ్చాడు. హనుమంతరాయప్పకు చెల్లెలి అల్లుడట. చుక్కలు వేస్తాను, తల పైకెత్తన్నా అన్నాను. ఎత్తలేదు. ఎత్తలేకపోయాడు. మెడ బిగుసుకుపోయింది, నడుం వంగదు. బల్ల మీద పడుకోబెట్టి వేయాల్సి వచ్చింది. ఎన్నేళ్లనుంచో ఆ తియ్యటి నీళ్లే తాగిన మనిషి. ఊరిని నమ్మించి తాను వేరే నీళ్లు తాగలేదు, తాను చెప్పింది తానే మనసారా నమ్మాడు. ఆ నొప్పులకే అల్లుడు బండిమీద ఆసుపత్రులకు తిప్పుతున్నాడు.

పడుకున్నవాడిని అడిగాను. "అన్నా, నిజంగా విమానమే మోడాలు ఇరగ్గొట్టినాదని నమ్ముతావా?"

కారిన చుక్కను తుడుచుకున్నాడు. "మోడం దానంతట అదే పోయినాదంటే ఎవురిని అడగల్ల సిస్టరమ్మా? దేవుణ్ణి అడిగి అడిగి చాలాయ. మనిషి చేసినాడంటే వాడిని అడగొచ్చు, కొట్లాడొచ్చు. ఊరికే పాయ అంటే... ఊరికే ఎట్ల పోతాదమ్మా మా బతుకు?"

పుస్తకాలు చదివి చెప్పేవాళ్లు ఇంతకంటే బాగా చెప్తారని నేను అనుకోను. తన బతుకు ఊరికే పోయింది, ఎవరూ పట్టించుకోనంత ఊరికే పోయింది అని ఒప్పుకోవడం కంటే, ఎవరో పగబట్టి పాడుచేశారనుకోవడం మనిషికి ఓర్చుకోదగ్గదిగా ఉంటుంది. పగబట్టాలన్నా వాడి కళ్లకు మనం కనబడాలి కదా.

పవిత్ర

పవిత్రకు పాల పళ్లు పోయి వచ్చిన పళ్లు సున్నం పూసినట్టు వచ్చాయి. ఏడేళ్లకు నడక మారింది. ఎనిమిదేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేవి, పాదాలు దూరంగా పడేవి. తాలూకా ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. నీళ్లు మార్చాలి, పాలు, రాగులు పెట్టాలి, ఎముక తిరిగి నిటారు కావడం కష్టం, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు అన్నాడు డాక్టరు.

అప్పటికి ప్లేట్లు వచ్చాయి. బడికి పోయే దారిమీదుగా పెద్ద కరెంటు తీగలు వేశారు. తిమ్మక్క తీర్మానం చేసేసింది: పాప ఆ తీగల కింద నడిచి నడిచి ఇలా అయింది. ఊళ్లో ఫిల్టరు నీళ్ల రూము కూడా కట్టారు, సోలారువాళ్ల డబ్బుతో. ఆ నీళ్లు ఈమె ముట్టలేదు. "కాళ్లు ఇరిచినోళ్లు ఇచ్చే నీళ్లు నాకొద్దు," అనేది.

రిటైరు కావడానికి రెండేళ్లు ఉందనగా నేను ఒకరోజు ఆమె ఇంటికి పోయాను. గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒక దోసెడు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

"తిమ్మక్కా, ఆ డబ్బా సర్వేవాళ్లదే. తెమ్మన్నది నేనే. మీటింగులో అబద్ధం చెప్తిని."

చేతులు ఆపలేదు ఆమె. "నాకు తెలుసు. నీ నోట్లోనుంచి వస్తాదేమో అని సబ్‌సెంటరుకు వస్తి ఆ పొద్దు. నువ్వు పోలీసులంటివి."

"తప్పు చేస్తిని."

"ఊఁ."

"నీళ్ల మాట మాత్రం నిజం. అప్పుడూ నిజమే."

ఆమె ఇంకొన్ని కాయలు ముందుకు లాక్కుంది. అప్పుడు అన్నది, నా ముఖం చూడకుండా:

"ఇప్పుడు నేను దాన్ని నమ్మితే ఏమయితాదో ఆలోచన జేసినావా? ఈ చేతులతోనే నాలుగేళ్లనుంచి పాపకు తాపించినా. నువ్వు వద్దంటే గూడా తాపించినా. తీగలు జేసినాయంటే తీగలను తిట్టుకొని బతుకుతా. నీళ్లంటే... నా కూతురు వస్తే ఏం జెప్పల్ల నేను?"

నేను ఎన్ని సీసాలు, ఎన్ని కార్డులు, ఎన్ని బొమ్మలు చూపించాను ఆమెకు. ఒక్కోటి చూపించినప్పుడల్లా ఆమెకు కనబడింది ఇదేనని నాకు అప్పుడు తెలిసింది. నా రుజువు ఎంత గట్టిదైతే ఆమె మీద నేరం అంత గట్టిది. తలుపు మూసుకోక ఏం చేస్తుంది?

ఒలిచిన గింజలు చేటలో పోసి లేస్తూ చివరగా అన్నది, "పాప నీ సబ్‌సెంటరు ముందరనుంచే గదా బడికి పోయేది. నువ్వు దానికి ఏం తాపిస్తావో తాపించుకో. నాకు చెప్పొద్దు. ఎవురికీ చెప్పొద్దు."

మరుసటి రోజునుంచి పవిత్ర పొద్దున, సాయంత్రం వచ్చి నా దగ్గర ఫిల్టరు నీళ్లు తాగేది. చిన్న క్యాను నింపుకుని ఇంటికి తీసుకుపోయేది. ఎవరైనా అడిగితే మాత్రలకు వస్తోందని చెప్పేదాన్ని. అవును, అదీ అబద్ధమే, కానీ ఆ అబద్ధం తిమ్మక్క అడిగి చెప్పించుకున్నది. క్యాను ఇంట్లో ఒక మూల ఉండేది, ఆమె అటు చూసేది కాదు. వంటకు మాత్రం బోరింగు నీళ్లే. ఏడాది గడిచేసరికి పాప మోకాళ్ల నొప్పి అని ఏడవడం తగ్గింది. కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పగించనిది

రిటైరయ్యే రోజు చార్జి అప్పగించాను. ఫ్రిజ్జు, తక్కెడ, బీపీ మిషను, మందుల లెక్క, గర్భిణుల పేర్లు. అన్నిటికీ కొత్త సిస్టరు సంతకం పెట్టింది. మంచి పిల్ల, నీలాగే బాగా చదువుకుంది. పవిత్ర నీళ్లకు వస్తుందని చెప్పాను. రానివ్వమన్నాను. ఎందుకు అలా వస్తుందో, ఆ మాట ఎందుకు పైకి అనకూడదో చెప్పలేదు. చెప్పాలంటే డబ్బా దగ్గరనుంచి చెప్పాలి. ఉద్యోగం చివరి రోజు, మెడలో దండ, ఫోటోలు తీస్తున్నారు. సిగ్గనిపించింది.

నేను ఇక్కడికి, అరసికెరెకు వచ్చేశాను. మూడు నెలలకు ఓబుళేసు ఏదో పెళ్లికి వచ్చి కనబడ్డాడు. అతను చెప్పాడు. తల్లుల మీటింగులో కొత్త సిస్టరు తిమ్మక్కను లేపి నిలబెట్టిందట. "ఫిల్టరు నీళ్లు పట్టుకపోతున్నారు కదా, మంచిదే. ఆ బోరింగు నీళ్ల వల్లే మీ మనవరాలి కాళ్లు అట్లయినాయి, అందరూ వినండి," అని మెచ్చుకుంటూనే చెప్పిందట. ఆ పిల్ల మనసులో కల్మషం లేదు. అన్నది పూర్తిగా నిజం. ఆ మరుసటి రోజునుంచి పవిత్ర నీళ్లకు రావడం మానేసిందట.

బస్సెక్కి పోయాను. తిమ్మక్క వాకిట్లోనే ఉంది. కూర్చోమనలేదు. మునుపు మూలన ఉండే క్యాను ఇప్పుడు గోడ మేకుకు వేలాడుతోంది, అందులో విత్తనానికి పట్టించే మందు కలిపి పెట్టుకుంది. పవిత్ర లోపల తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"పాపను ఎందుకు మాన్పిస్తివి తిమ్మక్కా?"

"అందరూ దాన్ని, నన్ను మార్చి మార్చి జూసిరి. ఆ పొద్దు రాత్రికే నా కూతురికి ఎవురో ఫోను జేసిరి. అది నాతో మాట్లాడక రెండు నెలలాయ."

"ఆ పిల్లకు తెలియదు. తప్పు నాది, నేను చెప్పి రాలేదు."

"ఆయమ్మ నిజం జెప్పె. నువ్వు అబద్ధం జెప్పితివి. ఇద్దురూ మీ మాట నిలబెట్టుకొనేది జూసినారు. నేను అందరి ముందర నిలబడిండేది ఎవురు జూసినారు?"

పాప కాళ్ల గురించి ఇంకేదో అనబోయాను. "సిస్టరమ్మా, నీకు బస్సు పోతాది," అన్నది.

పవిత్రకు ఇప్పుడు పదమూడేళ్లు. ఆ తర్వాత రెండుసార్లు పోయాను, రెండుసార్లూ తలుపు తీయలేదు. బోరింగు మోత మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉంది. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు హర్షితా. ఏదో దారి దొరికిందని రాయిస్తే అది ఇంకొక అబద్ధం అవుతుంది.